‘ఛాయిస్‌లకు విలువే లేదు’ అనే ముందు: ఎపిసోడిక్ గేమ్‌ని విమర్శించే పద్ధతి

ఎపిసోడ్ల వారీగా వచ్చే గేమ్‌ల మీద అభిమానులు రాసే విమర్శల్లో రెండు ఫిర్యాదులు తప్పకుండా కనిపిస్తాయి. ‘ఏం ఎంచుకున్నా కథ అక్కడికే వస్తుంది’ అన్నది ఒకటి. ‘ఊరికే తిప్పుతారు, తిరిగినచోట ఏమీ ఉండదు’ అన్నది రెండోది. చాలాసార్లు రెండూ నిజమే. కానీ ఏ ఎపిసోడ్‌లో, ఏ సీన్‌లో, ఏం ఎంచుకుంటే ఏం జరిగిందో చెప్పకపోతే అవి తిట్లుగానే మిగిలిపోతాయి. ‘నాకైతే నచ్చింది’ అని ఎవరైనా ఒక్క ముక్కలో కొట్టిపారేయొచ్చు. అలా కొట్టిపారేయడానికి వీల్లేని విమర్శ రాయాలంటే గేమ్ కనీసం రెండుసార్లు ఆడాలి, ఛాయిస్‌లకు ఒక పట్టీ పెట్టుకోవాలి, ఒక్క లొకేషన్‌నైనా మూలమూలా వెతికి చూడాలి.

ఉదాహరణలు ఎక్కువగా టెల్‌టేల్ వాళ్ల ‘ది వాకింగ్ డెడ్’ మొదటి సీజన్ (2012), డోంట్‌నాడ్ వాళ్ల ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ (2015) నుంచి తీసుకున్నవి. రెండింటికీ ఐదేసి ఎపిసోడ్లు. ఇంకా ఆడనివాళ్లు ముందు ఆడి రండి, కింద కథ మొత్తం బయటపడిపోతుంది.

మొదటిసారి ఆడేటప్పుడు

మామూలు ప్లేయర్‌లాగే ఆడండి. గైడ్ చూడొద్దు, వెనక్కి వెళ్లి ఛాయిస్ మార్చుకోవద్దు. నోట్స్ ఆట మధ్యలో కాదు, క్రెడిట్స్ పడుతున్నప్పుడు రాయండి. నాలుగు వాక్యాలు చాలు: ఏ ప్రశ్న మిగిలిపోయింది, ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారు, ఏ ఛాయిస్ దగ్గర తటపటాయించారు, ఎక్కడ విసుగొచ్చింది. కింద తేదీ వేయండి. తర్వాతి ఎపిసోడ్ తెరవకముందే ఈ పని అయిపోవాలి. ఎందుకంటే ముగింపు తెలిశాక జ్ఞాపకం దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. ‘విలన్ ఎవరో నాకు రెండో ఎపిసోడ్‌లోనే తెలిసిపోయింది’ అని ధీమాగా చెప్పేవాళ్ల రెండో ఎపిసోడ్ నోట్స్ తీసి చూస్తే ఆ పేరే ఉండదు. ముడి సరిగ్గా వేశారా లేదా అన్నది తేల్చడానికి ఆ నాలుగు వాక్యాలకు మించిన సాక్ష్యం లేదు.

ఎపిసోడ్‌కీ ఎపిసోడ్‌కీ మధ్య మీకు ఎన్ని రోజులు పట్టిందో కూడా రాసి పెట్టుకోండి. ‘ది వూల్ఫ్ అమంగ్ అస్’ మొదటి ఎపిసోడ్ 2013 అక్టోబర్‌లో వస్తే రెండోది 2014 ఫిబ్రవరికి గానీ రాలేదు. ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్ 2’ ఐదు ఎపిసోడ్లు 2018 సెప్టెంబర్ నుంచి 2019 డిసెంబర్ దాకా సాగాయి. ‘కెంటకీ రూట్ జీరో’ సంగతైతే మొదటి అంకం 2013 జనవరిలో, ఐదోది 2020 జనవరిలో. నెలల తరబడి కాచుకుని కూర్చున్నవాళ్లకు రెండు గంటల ఎపిసోడ్ ఏ మూలకూ ఆనదు. ఇప్పుడు మొత్తం సీజన్ కొని వారాంతంలో ముగించేవాళ్లకు ఆ బాధ లేదు, వాళ్ల బాధ వేరు: పాత సంగతులు గుర్తుచేయడానికి పెట్టిన డైలాగులు వాళ్లకు చెప్పిందే చెప్పినట్టు వినిపిస్తాయి. మీరు ఏ రకమో విమర్శ మొదట్లోనే చెప్పేయండి. రిలీజ్ ఆలస్యమైందన్న కోపాన్ని కథ మీద చూపించడం అత్త మీద కోపం దుత్త మీద చూపించడమే.

సేవ్ ఫైళ్లు

రెండోసారి ఆడే ముందు మొదటి ఆట సేవ్ ఫోల్డర్‌ని కాపీ చేసి వేరేచోట దాచండి. సేవ్‌లను ఆన్‌లైన్‌లో కూడా దాచే క్లౌడ్ సింక్ ఆన్‌లో ఉంటే పాతది కొత్తదానిమీద గానీ, కొత్తది పాతదానిమీద గానీ పడి చెరిగిపోయే ప్రమాదముంది, ఈ పని పూర్తయ్యేదాకా ఆపేయండి. కన్సోల్‌లో ఆడేవాళ్లు కొత్త సేవ్ స్లాట్‌లో మొదలుపెట్టాలి. ఈ రకం గేమ్‌లలో మధ్యలోని ఒక సీన్‌ని మళ్లీ తెరిచి ఛాయిస్ మారిస్తే, ఆ తర్వాత మీరు ఎంచుకున్నవన్నీ చెల్లకుండా పోవచ్చు. ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’లో దీనికోసమే కలెక్టిబుల్ మోడ్ అని ఒకటి ఉంది. అందులో తిరిగితే అసలు కథలోని ఛాయిస్‌లు చెక్కుచెదరవు. లొకేషన్ వెతకడానికి అదే వాడండి.

ఇంకో జాగ్రత్త. టెల్‌టేల్ గేమ్‌లలో పాత ఎపిసోడ్ సేవ్ దొరకకపోతే గత ఛాయిస్‌లను గేమే యాదృచ్ఛికంగా నింపేసుకుంటుంది. ‘నేను చేసింది గేమ్ మర్చిపోయింది’ అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇలా పుట్టినవే. ఎపిసోడ్ మొదట్లో వచ్చే ‘గతంలో జరిగినది’ భాగాన్ని దాటేయకుండా చూసి, అందులో కనిపించింది మీరు చేసిందేనా అని సరిచూసుకోండి. కాకపోతే అది సేవ్ ఫైల్ లోపం, రచన లోపం కాదు.

ఛాయిస్‌ల పట్టీ, వాటి ఆయుష్షు

రెండోసారి ఆడేటప్పుడు ప్రతి పెద్ద ఛాయిస్ దగ్గరా మొదటిసారి చేసినదానికి ఎదురుగా వెళ్లండి. స్ప్రెడ్‌షీట్‌లో ఐదు గడులు చాలు: ఎపిసోడ్, సీన్, రెండు ఆటల్లో ఏమేం ఎంచుకున్నారు, మళ్లీ ఎక్కడెక్కడ తగిలింది, మారినది ఏ రకం. రకాలంటే ఇవి: ఒక మాట మాత్రమే మారడం, సీన్ మారడం, ఒక మనిషి ఉండటమో లేకపోవడమో, ఒక చోటు తెరుచుకోవడమో మూసుకోవడమో, చివరికి ముగింపే మారడం. డైలాగ్‌కి టైమర్ ఉన్న గేమ్‌లలో ఏమీ ఎంచుకోకుండా ఊరుకోవడం కూడా ఒక ఛాయిసే. టెల్‌టేల్ వాళ్లు మౌనానికి జవాబులు రాసి పెట్టేవాళ్లు. కీలకమైన ఒకటి రెండు సీన్లలోనైనా మౌనంగా ఉండి చూడండి.

పట్టీలో అన్నిటికంటే పనికొచ్చేది ఆయుష్షు, అంటే ఒక ఛాయిస్ ప్రభావం ఎక్కడ పుట్టి ఎక్కడ చచ్చిందన్న లెక్క. ‘ది వాకింగ్ డెడ్’ తొలి ఎపిసోడ్ చివర మేకన్ ఊళ్లోని మందుల దుకాణంలోకి నడిచే శవాలు (జాంబీలు) చొరబడతాయి. మన బృందంలోని డగ్, కార్లీ ఇద్దరిలో ఒక్కరినే కాపాడగలం. మూడో ఎపిసోడ్‌లో, బృందం ప్రయాణించే ఆర్‌వీ (ఇల్లులాంటి పెద్ద బండి) ఆగినచోట రోడ్డు పక్కన, అదే బృందంలోని లిలీ తుపాకీ పేలుతుంది, మనం కాపాడిన మనిషి పోతాడు. ఎక్కడి గొంగళి అక్కడే అని చాలామంది ఇక్కడితో వదిలేశారు. కాస్త ఆగి చూస్తే ఇద్దరూ ఒకే రకంగా చావరు. కార్లీ అయితే లిలీని మాటలతో నిలదీస్తూ ఉండగా తూటా తగులుతుంది. డగ్ అయితే బృందంలోని బెన్ అనే కుర్రాడికి గురిపెట్టిన తూటాకి అడ్డం వెళ్తాడు. ఒకరిది నోరు, ఒకరిది మంచితనం. ఇద్దరి స్వభావాల్లోంచే వాళ్ల చావులు వచ్చాయి. కాబట్టి పట్టీలో రాయాల్సింది ‘విలువ లేదు’ అని కాదు. ‘మొదటి ఎపిసోడ్ చివర పుట్టింది, మూడో ఎపిసోడ్‌లో ముగిసింది, మనిషి మారాడు, దారి మారలేదు’ అని.

ఆ వెంటనే వచ్చే ఛాయిస్ సంగతి వేరు. లిలీని కట్టేసి తీసుకెళ్లాలా, రోడ్డు మీదే వదిలేయాలా? తీసుకెళ్తే ఆమె ఆర్‌వీ ఎత్తుకుని పోతుంది. వదిలేస్తే ఎలాగూ లేదు. ఏం చేసినా రైలెక్కే వేళకి లిలీ ఉండదు. దీని ఆయుష్షు అదే ఎపిసోడ్‌లో కొద్దిసేపు. బలమైన ఫిర్యాదు ఇక్కడ పెట్టొచ్చు: మొదటి ఉదాహరణలో దారులు కలిసేచోట ఒక నాటకం ఉంది, రెండోదాంట్లో లెక్క సరిచేయడం తప్ప ఏమీ లేదు. రెండు సీన్లూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఆ తేడా చదివేవాళ్లకు వెంటనే కనిపిస్తుంది.

దారులు అసలు ఎందుకు కలపాలో విమర్శకుడికి తెలిసి ఉండాలి. ఎపిసోడ్‌కి మూడు చొప్పున, ఒక్కోదానికి రెండేసి దారులున్న ఛాయిస్‌లు పెట్టి ఏదీ కలపకపోతే, ఐదు ఎపిసోడ్లయ్యేసరికి 15 ఛాయిస్‌లకు 32,768 కథలవుతాయి. ఒక్కోదానికీ గొంతు రికార్డు చేయాలి, యానిమేషన్ చేయాలి, పరీక్షించాలి. అందుకే దారులు విడదీసి మళ్లీ ఒకచోటికి తెస్తారు. ‘ఎందుకు కలిపారు’ అని అడిగితే జవాబు తెలిసిందే. ‘కలిపిన కుట్టు ఎందుకు కనిపిస్తోంది’ అని అడగండి. ‘కథ మీ ఆటను బట్టి మారుతుంది’ అని మొదటి తెర మీదే మాటిచ్చిన గేమ్‌ని ఆ ప్రశ్న మరింత గట్టిగా అడగొచ్చు.

ఎపిసోడ్ చివర వచ్చే శాతాల పట్టికని సాక్ష్యంగా వాడొద్దు. ఎంతమంది ఏం ఎంచుకున్నారో అది చెబుతుందే తప్ప, ఆ సీన్ బాగుందో లేదో చెప్పదు. మధ్యలో మానేసినవాళ్లు దాంట్లో ఉండరు కూడా.

అన్వేషణ: ఒకే ఎపిసోడ్‌లో రెండు చోట్లు

ఒక లొకేషన్ ఎంచుకుని ఇరవై నిమిషాలు కేటాయించండి. దగ్గరికి వెళ్తే పేరు కనిపించే, చూడగలిగే, ముట్టుకోగలిగే ప్రతి వస్తువునీ రాసుకోండి. ఒక్కోదానికీ ఒక గుర్తు పెట్టండి: ముందుకు వెళ్లడానికి తప్పనిసరి, ఒక మనిషి గురించి కొత్త సంగతి చెబుతుంది, తర్వాత ఎక్కడో పనికొస్తుంది, ఊరికే ఉంది. ఇంకోవైపు స్టాప్‌వాచ్ పెట్టి, ఏదీ ముట్టుకోకుండా ఒక చివర నుంచి మరో చివరకు నడవడానికి ఎంత పడుతుందో చూడండి. అది ఖాళీ నడక. పది వస్తువుల్లో ఏడు ‘ఊరికే’ జాబితాలో పడి, ఖాళీ నడక కూడా నిమిషానికి మించితే, ‘ఊరికే తిప్పారు’ అనడానికి మీ చేతిలో ఆధారం ఉన్నట్టు.

‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ రెండో ఎపిసోడ్ దీనికి మంచి పాఠం, ఎందుకంటే మేలైన అన్వేషణ, విసిగించే అన్వేషణ రెండూ అందులోనే ఉన్నాయి. ముందు తోటి విద్యార్థిని కేట్ గది. హాస్టల్‌లో ఆ అమ్మాయి గదిలోకి మనం ఆడే పాత్ర మ్యాక్స్ వెళ్తుంది. అక్కడ ఏమీ చూడకుండా నాలుగు మాటలు మాట్లాడి బయటికి రావచ్చు. చూసినవాళ్లకు ఆమె కుటుంబం గురించి, ఆమె నమ్మకం గురించి చిన్నచిన్న సంగతులు దొరుకుతాయి. ఎపిసోడ్ చివర కేట్ హాస్టల్ భవనం మీద అంచున నిలబడి ఉంటుంది. అప్పటిదాకా కాలాన్ని వెనక్కి తిప్పి తప్పులు దిద్దుకున్న మ్యాక్స్‌కి అక్కడ ఆ శక్తి పనిచేయదు. ఆమె మనసు మార్చాలంటే ఇంట్లో ఆమెకు ఎవరు దగ్గర, బైబిల్లో ఏ వాక్యం ఆమెకు ఊరట అన్నది తెలిసి ఉండాలి. పొద్దున గదిలో కళ్లు తెరిచి తిరిగినవాడికి తెలుసు, తిరగనివాడు గుడ్డిగా ఊహించాలి. ఛాయిస్ పట్టీలో కూడా దీని ఆయుష్షు ఎక్కువే: కేట్ బతికి ఉంటే నాలుగో ఎపిసోడ్‌లో ఆస్పత్రిలో ఆమెను కలుస్తాం. ముగింపు మాత్రం మారదు.

ఇక సీసాలు. అదే ఎపిసోడ్‌లో మ్యాక్స్ స్నేహితురాలు క్లోయీ తుపాకీ గురి చూసుకోవడానికి పాత సామాన్ల యార్డులో ఐదు ఖాళీ సీసాలు వెతికి తెమ్మంటుంది. అభిమానులు ఈ సీన్‌ని తిట్టినంతగా ఆ సీజన్‌లో మరో సీన్‌ని తిట్టలేదేమో. ‘బోర్’ అని వదిలేస్తే అది విమర్శ కాదు. ఎందుకు బోర్ కొడుతుందో విడదీసి చూడాలి. సీసా ఎక్కడ ఉండొచ్చో కథలోంచి ఊహించే వీల్లేదు. ఐదూ దొరికేదాకా కథ ఆగిపోతుంది, నాలుగు దొరికినా లాభం లేదు. ఒక సీసాకీ ఇంకో సీసాకీ తేడా లేదు, మూడోది దొరికినప్పుడు మొదటిదానికంటే మనకి కొత్తగా తెలిసేది సున్నా. అన్నిటికీ మించి, చాలా రోజుల తర్వాత కలిసిన స్నేహితురాళ్లిద్దరూ ఒకచోట ఉన్నారు, వెతుకులాట సాగినంతసేపూ వాళ్ల మాటలు నిలిచిపోతాయి. అన్వేషణ కథని మోయాల్సిన చోట కథే అన్వేషణకి దారి విడిచి పక్కన నిలబడింది.

చాలా విమర్శలు ఇక్కడితో ఆగిపోతాయి. నాలుగో ఎపిసోడ్ ఆడాక ఈ సీన్‌ని మళ్లీ తెరవండి. కనబడకుండా పోయి, సీజన్ అంతా వెతికిన క్లోయీ స్నేహితురాలు రేచల్ శవం దొరికేది ఈ యార్డులోనే, మట్టికింద. అంటే సీసాల కోసం అటూఇటూ తిరిగినప్పుడు ప్లేయర్ నడిచింది ఆ నేల మీదే. రచయితలకు ఈ చోటు మనకి బాగా అలవాటు కావాలి, కథ నిలబడటానికి అది అవసరం. కాబట్టి ‘ఈ సీన్ పనికిరాదు, తీసేయాల్సింది’ అన్న విమర్శ నిలవదు. నిలిచేది ఇది: చోటు అలవాటు చేయాలన్న ఉద్దేశం మంచిదే, ఎంచుకున్న పని చెడ్డది. సీసాలు వెతికే కళ్లు సీసాలనే చూస్తాయి. ఆ నేల, రేచల్ గుర్తులున్న ఆ గుడిసె మనసులో నాటుకోవాలంటే వెతికించాల్సింది వాటికి సంబంధించినదాన్ని. ఐదు సీసాలకు బదులు రేచల్ వదిలిపెట్టిన మూడు వస్తువులైతే అదే నడక, అదే సమయం, నాలుగో ఎపిసోడ్‌లో దెబ్బ మాత్రం రెండింతలు.

ఎపిసోడిక్ గేమ్‌లో అన్వేషణని ఆ ఎపిసోడ్‌లోనే తూకం వేయకూడదనేది ఇందుకే. ఇప్పుడు దొరికింది రెండు ఎపిసోడ్ల తర్వాత పండొచ్చు. విడుదలవుతున్నప్పుడే రాస్తుంటే, ‘ఇది తర్వాత పనికొస్తే మాట వెనక్కి తీసుకుంటాను’ అని ఆ వస్తువు పేరుతో సహా రాసి పెట్టండి.

అన్వేషణలో ఇంకో లోపం సొంత స్టాప్‌వాచ్‌కి దొరకదు, సీన్ మళ్లీ ఆడితేనే దొరుకుతుంది. ఏదో ఒక తలుపు ముట్టుకోగానే, ఎవరితోనో మాట కలపగానే హెచ్చరిక లేకుండా కట్‌సీన్ (ప్లేయర్ చేతిలో లేకుండా సినిమాలా నడిచే సీన్) మొదలై ఆ చోటు మూసుకుపోవడం. సగం గది చూడకుండానే బయటపడతాం. అలాంటిది తగిలితే ఏ వస్తువు ముట్టుకుంటే సీన్ ముగిసిందో, అప్పటికి ఎన్ని చూడకుండా మిగిలాయో రాయండి. డెవలపర్ చదివితే నేరుగా పనికొచ్చే ఫిర్యాదు అది.

వాడిన చోటే వాడితే

లొకేషన్లు మళ్లీమళ్లీ వాడటం ఈ రకం గేమ్‌లకు పుట్టుకతో వచ్చింది. 2006లో మొదలైన టెల్‌టేల్ ‘శామ్ అండ్ మ్యాక్స్’ తొలి సీజన్‌లో ప్రతి ఎపిసోడ్‌లోనూ అదే ఆఫీసు, అదే వీధి. డబ్బూ సమయమూ మిగులుతాయి, తప్పు పట్టక్కర్లేదు. చూడాల్సింది ఆ చోటు మారిందా అని. ఒకే బిందువు దగ్గర నిలబడి ప్రతి ఎపిసోడ్‌లోనూ స్క్రీన్‌షాట్ తీయండి, పక్కపక్కన పెట్టండి. ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ హాస్టల్ వరండాలో గది తలుపుల పక్కనున్న పలకల మీద రాతలు రోజురోజుకీ మారుతుంటాయి. కథలో జరిగినదానికి ఆ గోడలు కూడా స్పందిస్తున్నాయన్నమాట. ఐదు స్క్రీన్‌షాట్లూ అచ్చు ఒకేలా ఉంటే మీ విమర్శకి వేరే మాటలు అక్కర్లేదు, బొమ్మలు చాలు.

అయితే ఒకదాని కొలతతో ఇంకోదాన్ని కొలవొద్దు. 2016 నాటి ‘హిట్‌మ్యాన్’ కూడా ఎపిసోడ్లుగానే వచ్చింది. పారిస్, సపియెన్జా, మరాకేష్ అంటూ ఒక్కో ఎపిసోడ్ ఒక్కో పెద్ద లొకేషన్. అక్కడ అన్వేషణే గేమ్, కథ మిషన్ల మధ్య చిన్న కట్‌సీన్లలో సాగుతుంది. ‘పాత్రల మధ్య భావోద్వేగం లేదు’ అని దాన్ని తిడితే గురి తప్పినట్టే. ‘ఇంత గొప్ప ఊరు కట్టి, అసలు కథని ఊరి బయట ఎందుకు చెప్పారు’ అని అడిగితే సరిగ్గా తగులుతుంది.

రాసేటప్పుడు

ఒక ఎపిసోడ్ మీద మూడు ఆరోపణలకు మించొద్దు. ఒక్కో ఆరోపణకి ఈ వరుస పాటించండి: ఎక్కడ, ఏం జరిగింది, రెండో దారిలో ఏం జరిగింది, గేమ్ తరఫున చెప్పగలిగిన అత్యంత బలమైన సమర్థన, అది ఎందుకు చాలదు, బదులుగా ఏం చేసి ఉండొచ్చు. సమర్థన దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. ‘లైఫ్ ఈజ్ స్ట్రేంజ్’ ముగింపులో క్లోయీనో, ఆర్కేడియా బే ఊరినో ఒకదాన్ని వదులుకోవాలి. అంతకుముందు చేసినవేవీ ఆ రెండు దారులనూ మార్చవు. దీనికి సమర్థన ఉంది: అన్నిటినీ దిద్దగలమన్న భ్రమ పోవడమే ఆ కథ. దాన్ని ఒప్పుకుంటూనే అడగొచ్చు: అలాగైతే ఊరిని వదులుకునే ముగింపు రెండోదానికంటే అంత పొట్టిగా ఎందుకుంది? ఒకటి సరైన జవాబు, ఇంకోటి తప్పు జవాబు అన్న భావన ఆ నిడివి తేడాతోనే వచ్చేస్తుంది. ‘ఎండింగ్ చెత్త’ అన్నవాడికి జవాబు చెప్పడం తేలిక, ఈ ప్రశ్నకి కష్టం.

తెర వెనక కారణాలు ఊహించి రాయొద్దు. ‘బడ్జెట్ తగ్గించారు’, ‘రచయిత మారిపోయాడు’ లాంటి మాటలు ఆధారం లేకుండా రాస్తే మిగతా విమర్శకీ విలువ పోతుంది. బయటపడ్డ సంగతులైతే చెప్పాలి. 2018 సెప్టెంబర్‌లో టెల్‌టేల్ సిబ్బందిలో అత్యధికుల్ని తీసేసింది, ‘ది వాకింగ్ డెడ్’ ఆఖరి సీజన్‌లో మిగిలిన ఎపిసోడ్లు స్కైబౌండ్ అనే మరో కంపెనీ చేతికి వెళ్లి 2019 మార్చిలో పూర్తయ్యాయి. ఆ సీజన్ గురించి రాసేవాళ్లు ఇది దాచకూడదు, దీన్నే సాకుగా చూపి లోపాలు మాఫీ చేయనూ కూడదు. అసలు పూర్తికాని కథల లెక్క వేరు. ‘హాఫ్-లైఫ్ 2: ఎపిసోడ్ టూ’ 2007లో ముడి వేసి ఆగింది, మూడోది రానే లేదు. అలాంటివాటిలో ముడి వేసిన తీరుని విమర్శించగలం గానీ విప్పిన తీరుని కాదు.

డైలాగ్ రాసేటప్పుడు సబ్‌టైటిల్ చూసి ఉన్నదున్నట్టు రాయండి, జ్ఞాపకంలోంచి రాస్తే మీ వాదనకి అనుకూలంగా వంగిపోతుంది. స్పాయిలర్ హెచ్చరికలో ఎపిసోడ్ నంబర్ ఉండాలి. ‘స్పాయిలర్లు ఉన్నాయి’ అంటే రెండో ఎపిసోడ్ దాకా ఆడినవాళ్లకు చదవొచ్చో లేదో తెలియదు. శీర్షికలోనూ, మొదటి బొమ్మలోనూ ఎవరు చస్తారో కనిపించకుండా చూసుకోండి. తర్వాతి ఎపిసోడ్ వచ్చి మీ మాట తప్పని తేలితే పాత పేరాని చెరపకండి. దాని కిందే తేదీ వేసి, ఏ సీన్ చూసి అభిప్రాయం మార్చుకున్నారో రెండు వాక్యాలు చేర్చండి.